30 వేలలో మొదటి డీఎస్ఎల్ఆర్: కొత్తదా, సెకండ్ హ్యాండా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదవాల్తేరు. ఇప్పటిదాకా ఫోన్‌తోనే ఫొటోలు తీస్తున్నాను. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో లైట్ల కింద చేపల వేలం సాగేటప్పుడు, ఫోన్‌లో ముఖాలన్నీ అలికేసినట్టు వస్తున్నాయి. తట్ట ఎత్తే చేతులు, తడి పొలుసుల మెరుపు, నాకు కావాల్సినవే అవి.

బడ్జెట్ 30 వేలు, మహా అయితే ఇంకో ఐదు. కేనన్ 1500డీ, నికాన్ డీ3500 చూశాను. రెండూ 24 మెగాపిక్సెళ్లే. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు కాబట్టి సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఆటోఫోకస్ రాదు. కేనన్‌కైతే తర్వాత వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చే 50ఎంఎం ఎఫ్/1.8 లెన్సు చేర్చుకోవచ్చు. తక్కువ వెలుతురులో బాడీ కంటే అలాంటి లెన్సే ముఖ్యమని నా నమ్మకం. కాదంటారా?

సెకండ్ హ్యాండ్ అయితే బడ్జెట్‌లో లెన్సు కూడా వచ్చేస్తుంది. కానీ మన ఊరి ఉప్పుగాలి, ఉక్కకి లెన్సులో ఫంగస్ ఉంటుందేమోనని టెన్షన్. టార్చ్ వేసి చూస్తే తెలుస్తుందా? షట్టర్ కౌంట్ (ఆ కెమెరాతో ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఎంతవరకు ఫర్వాలేదు? ద్వారకానగర్, జగదాంబ వైపు చేతికిచ్చి చూడనిచ్చే షాపు తెలిస్తే చెప్పండి. దాచడానికి సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బా చాలా, తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ తప్పదా?