పోస్ట్‌ఫిక్స్ డిఫర్డ్ క్యూలో 412 మెయిళ్లు నిలిచిపోయాయి, అన్నిటినీ తొలగించవచ్చా?

ప్రశ్న

నమస్కారం. గుంటూరులో ఒక చిన్న విద్యాసంస్థకు ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌ను నేనే చూసుకుంటున్నాను. శనివారం సాయంత్రం నుంచి బయటికి వెళ్లాల్సిన మెయిళ్లలో ఒక్కటీ వెళ్లడం లేదు. బయటినుంచి వచ్చేవి మాత్రం మా ఇన్‌బాక్సులకు సక్రమంగానే చేరుతున్నాయి. ఈరోజు, మంగళవారం ఉదయం చూసేసరికి క్యూలో 412 మెయిళ్లు ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రులకు పంపిన ఫీజు రసీదులు, విద్యార్థుల హాల్ టికెట్లు ఉన్నందువల్ల ఆందోళనగా ఉంది. పది నిమిషాలకొకసారి పోస్ట్‌క్యూ కమాండ్‌తో ఫ్లష్ చేస్తున్నా, అంటే అన్నిటినీ వెంటనే మళ్లీ పంపమని చెబుతున్నా, సంఖ్య తగ్గడం లేదు. క్యూలోని మెయిళ్లను తొలగించడానికి, ఆపి ఉంచడానికి వాడే పోస్ట్‌సూపర్ కమాండ్‌తో అన్నిటినీ తొలగించి, మళ్లీ మొదటినుంచి పంపించడం మేలని ఒక మిత్రుడు చెప్పారు. అలా చేయవచ్చా?

మొదటి సమాధానం

దయచేసి ఒక్క మెయిల్‌ను కూడా తొలగించకండి. పోస్ట్‌సూపర్‌తో తీసేసిన మెయిల్ మళ్లీ రాదు. ఏ రసీదు ఎవరికి వెళ్లాలో తెలిపే ఆధారం ఒక్కోసారి ఆ క్యూ ఫైలు ఒక్కటే అవుతుంది. డిఫర్డ్ క్యూలో ఉండడమంటే మెయిల్ పోయిందని కాదు, ఏదో తాత్కాలిక కారణం వల్ల వాయిదా పడిందని మాత్రమే అర్థం. పోస్ట్‌ఫిక్స్ దానిని తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు సెట్టింగుల్లో ఆ విరామం 300 సెకన్లతో మొదలై, మెయిల్ పాతబడేకొద్దీ పెరుగుతూ 4000 సెకన్ల వరకు వెళ్తుంది. మీరు మాటిమాటికీ ఫ్లష్ చేయడం వల్ల, ఎలాగూ వెళ్లని మెయిళ్లన్నీ ఒక్కసారిగా యాక్టివ్ క్యూలోకి, అంటే అప్పటికప్పుడు పంపే వరుసలోకి వచ్చి కొత్త మెయిళ్లకు అడ్డుపడతాయే తప్ప మరే ప్రయోజనమూ ఉండదు.

అయితే గడువు ఒకటుంది. మామూలుగా 5 రోజులు దాటిన మెయిల్ పంపినవారికే తిరిగి వెళ్లిపోతుంది, అంటే శనివారం నాటివి గురువారం సాయంత్రం నుంచి వెనక్కి రావడం మొదలవుతుంది. కారణం దొరకడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టేలా ఉంటే పోస్ట్‌సూపర్‌తో వాటిని హోల్డ్‌లో పెట్టండి. హోల్డ్‌లో ఉన్నంతకాలం ఈ గడువు వాటికి వర్తించదు.

ఇక రెండు వివరాలు కావాలి. క్యూషేప్ కమాండ్‌ను డిఫర్డ్ క్యూ మీద నడిపి, మెయిళ్లు ఏ డొమైన్ల దగ్గర పేరుకున్నాయో చూడండి. ఒకే డొమైన్ దగ్గర గుట్టపడితే అవతలి సర్వర్‌ను అనుమానించాలి, అన్ని డొమైన్లకూ ఆగిపోతే లోపం మన వైపే ఉంటుంది. రెండవది, మెయిల్ లాగ్‌లో ‘స్టేటస్ డిఫర్డ్’ అన్న వరుస చివర కుండలీకరణాల్లో ఉన్న కారణాన్ని యథాతథంగా ఇక్కడ రాయండి.

ప్రశ్నించినవారి జవాబు

ధన్యవాదాలండి, ఫ్లష్ చేయడం ఆపేశాను. జీమెయిల్‌కు వెళ్లాల్సినవి సగం దాకా ఉన్నాయి కానీ మిగతా డొమైన్లన్నీ కూడా జాబితాలో కనిపిస్తున్నాయి. లాగ్‌లో అన్నిటికీ ఒకే కారణం ఉంది: ఒక డొమైన్ మెయిళ్లను ఏ సర్వర్ అందుకుంటుందో తెలిపే ఎంఎక్స్ రికార్డు కోసం అడిగితే ‘హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్’ అని వస్తోంది. అదే సర్వర్‌లో డీఎన్ఎస్‌ను (డొమైన్ పేర్ల వివరాలు చెప్పే వ్యవస్థను) నేరుగా ప్రశ్నించే డిగ్ కమాండ్‌తో అడిగితే మాత్రం ఎంఎక్స్ రికార్డులు వెంటనే వస్తున్నాయి. డీఎన్ఎస్ బాగానే ఉన్నట్టు కదా? ఇంకొక విషయం, శనివారం మధ్యాహ్నం మా రౌటర్ మార్చారు; కొత్త రౌటర్‌తో పాటు డీఎన్ఎస్ చిరునామా కూడా మారింది.

రెండవ సమాధానం

మీరు చివర రాసిన వాక్యంలోనే కారణం దొరికింది. ఉబుంటులో పోస్ట్‌ఫిక్స్‌కు చెందిన చాలా ప్రక్రియలు క్రూట్‌లో, అంటే వార్ స్పూల్ కింద ఉండే పోస్ట్‌ఫిక్స్ డైరెక్టరీనే తమ ప్రపంచంగా భావించుకుని నడుస్తాయి. మాస్టర్ డాట్ సీఎఫ్ ఫైలులో, మెయిళ్లను పంపే ఎస్‌ఎంటీపీ వరుసలోని అయిదవ గడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆ డైరెక్టరీ లోపల మరొక ఈటీసీ డైరెక్టరీ, అందులో ఏ డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలో రాసి ఉండే రిసాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలుకు ఒక నకలు ఉంటాయి. పోస్ట్‌ఫిక్స్ మొదలైనప్పుడు ఆ నకలు తయారవుతుంది, అసలు ఫైలు తర్వాత మారినా నకలు పాతదిగానే మిగిలిపోవచ్చు. మీ డిగ్ అసలు ఫైలు చదివి కొత్త డీఎన్ఎస్‌ను అడుగుతోంది, పోస్ట్‌ఫిక్స్ మాత్రం ఇప్పుడు లేని పాత రౌటర్‌నే అడుగుతూ కూర్చుంది. నేనూ ఒకసారి దీని కోసం రాత్రంతా ఫైర్‌వాల్ నియమాలు తిరగేశాను కాబట్టి మీ అయోమయం నాకు బాగా అర్థమవుతోంది.

నిర్ధారించుకోవడానికి డిఫ్ కమాండ్‌తో ఆ రెండు ఫైళ్లనూ పోల్చి చూడండి. శనివారం తర్వాత మీకు మెయిల్ పంపిన సర్వర్ల పేర్లు డీఎన్ఎస్ నుంచి దొరక్క లాగ్‌లో ‘అన్‌నోన్’ అని నమోదై ఉంటే అది కూడా ఇదే లోపానికి సాక్ష్యం. తేడా కనబడితే పోస్ట్‌ఫిక్స్‌ను రీస్టార్ట్ చేయండి, నకలు కొత్తగా తయారవుతుంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

నేను ఒక జాగ్రత్త మాత్రం చేరుస్తాను. సగం మెయిళ్లు జీమెయిల్‌కే వెళ్లాలి కాబట్టి, రీస్టార్ట్ చేసే ముందు పోస్ట్‌ఫిక్స్ ప్రధాన సెట్టింగుల ఫైలైన మెయిన్ డాట్ సీఎఫ్‌లో ఎస్‌ఎంటీపీ డెస్టినేషన్ రేట్ డిలేను ఒక సెకనుగా పెట్టండి. అప్పుడు ఒక్కో డొమైన్‌కు ఒకదాని తర్వాత ఒకటిగా, సెకను విరామంతో వెళ్తాయి; రెండు వందల మెయిళ్లకు నాలుగైదు నిమిషాలు పట్టినా, చిన్న సర్వర్ నుంచి ఒక్కసారిగా వరదలా వస్తున్నాయని అవతలివారు అడ్డుకునే ప్రమాదం తగ్గుతుంది. రీస్టార్ట్ అయ్యాక క్యూ ఐడీతో ఒక్క మెయిల్‌ను మాత్రం పంపి చూసి, లాగ్‌లో ‘సెంట్’ అని కనబడిన తర్వాతే మొత్తం క్యూను ఒకే ఒక్కసారి ఫ్లష్ చేయండి.

ప్రశ్నించినవారి జవాబు

నకలు ఫైలులో పాత రౌటర్ చిరునామాయే ఉంది. మీరు చెప్పిన క్రమంలోనే చేశాను. పావుగంటలో 405 మెయిళ్లు వెళ్లిపోయాయి. మిగిలిన ఏడింటిని పోస్ట్‌క్యాట్‌తో తెరిచి చూస్తే, దరఖాస్తులో డొమైన్ పేరు తప్పుగా రాసిన తల్లిదండ్రుల చిరునామాలని తేలింది. వాటిని తీసేసి, ఆ ఏడుగురికీ ఫోన్ చేసి సరైన చిరునామాలకు రసీదులు మళ్లీ పంపుతున్నాను. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.