జీన్ లేనివాళ్లు డోప్ టెస్టులో దొరకరట, నిజమేనా? మా పిల్లల కోసం అడుగుతున్నా

నర్సంపేట పీఈటీ:
అందరికీ నమస్కారం. నర్సంపేట దగ్గర సర్కారు బడిలో పీఈటీని. త్రోస్ వేసే పిల్లల్ని ఆదివారాలు హన్మకొండ జేఎన్ స్టేడియానికి తీసుకొస్తుంటాను. అందులో షాట్‌పుట్ వేసే అబ్బాయి ఒకడున్నాడు, ఇంటర్ సెకండియర్. మొన్న ప్రాక్టీస్ అయ్యాక పక్కకు పిలిచి అడిగాడు: "సార్, కొంతమంది ఒంట్లో ఒక జీన్ ఉండదట. వాళ్లు కండలు పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ సూది వేసుకున్నా మూత్రంలో తెలియదట. ఉమ్మి పంపిస్తే మనకు ఆ జీన్ ఉందో లేదో రిపోర్టు వస్తదట, నిజమేనా?" ఎవరు చెప్పార్రా అంటే, ప్రోటీన్ డబ్బాలు అమ్మే ఒకతను. "ముందు రిపోర్టు తెప్పించుకో, లేదని వస్తే మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట.

గట్టిగా మందలించాను. కానీ వాడు తిడితే వినే రకం కాదు, కారణం చెబితే వింటాడు. నేను "అంతా అబద్ధం" అనేసి, రేపు వాడు ఫోన్‌లో వెతికితే అందులో సగం నిజమని తేలిందనుకోండి, ఇక నా మాట ఏదీ నమ్మడు. తండ్రి మార్కెట్‌లో హమాలీ. ఇంటిల్లిపాదీ స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

కాజీపేట జిమ్ తమ్ముడు:
సార్, ఈ మాట మా జిమ్‌లో కూడా తిరుగుతోంది. యూజీటీ2బీ17 అంటారు ఆ జీన్‌ని. వెతికితే స్వీడన్ వాళ్ల పరిశోధన నిజంగానే కనిపిస్తుంది. అందుకే పోరగాళ్లు నమ్ముతున్నారు.

హన్మకొండ బయోకెమిస్ట్రీ:
పీఈటీ సార్, నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. మా తమ్ముడు డెకథ్లాన్ చేసేవాడు, అందుకే ఈ సంగతి మొదటి నుంచీ పట్టించుకుని చదువుతున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నిజం ఎంతో చెబుతా. మన ఒంట్లో తయారైన టెస్టోస్టిరాన్ అలాగే మూత్రంలోకి పోదు. కాలేయంలాంటి చోట్ల ఒక ఎంజైమ్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది. అప్పుడది నీళ్లలో కరిగి బయటికి వెళ్తుంది. ఈ పని ఎక్కువగా చేసే ఎంజైమ్‌ను తయారు చేసేదే యూజీటీ2బీ17 జీన్. కొందరికి తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జీన్ ఎగిరిపోయి ఉంటుంది. ఇది రోగం కాదు. వాళ్ల మూత్రంలోకి వచ్చే టెస్టోస్టిరాన్ మాత్రం చాలా తక్కువ. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, చూసిన కొరియా మగవాళ్లలో 66.7 శాతం మందికి రెండు కాపీలూ లేవు. స్వీడన్ వాళ్లలో అలాంటివాళ్లు 9.3 శాతమే.

ఇప్పుడు టెస్ట్ సంగతి. మూత్రంలో టెస్టోస్టిరాన్‌తో పాటు ఎపిటెస్టోస్టిరాన్ అని దాని జంట అణువు ఒకటి ఉంటుంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. అందుకే ఈ రెండింటి నిష్పత్తి చూస్తారు. మామూలుగా చాలామందికి 1 దగ్గర ఉంటుంది. 1980లలో 6 దాటితే అనుమానం అన్నారు, 2005లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా దాన్ని 4కి దించింది. ఆ జీన్ లేనివాళ్లకు మొదలే 0.1, 0.2 దగ్గర ఉంటుంది. 2008లో స్వీడన్ పరిశోధకులు 55 మంది మగవాళ్లకు 500 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఒకే సూదిగా ఇచ్చి చూశారు. రెండు కాపీలూ లేనివాళ్లలో 40 శాతం మందికి నిష్పత్తి 4ని తాకనేలేదు. మీ అబ్బాయి విన్నది ఈ ముక్కే.

ఆ డబ్బాల మనిషి కథ ఇక్కడే ఆపేశాడు. అసలు మార్పు వచ్చింది దీని తర్వాతే. ఊరందరికీ ఒకే గీత గీయడం తప్పని తేలాక, 2014 నుంచి అథ్లెట్ పాస్‌పోర్టులో, అంటే ఒక్కో అథ్లెట్ పరీక్షల ఫలితాలు దాచే రికార్డులో, స్టిరాయిడ్ల భాగం కూడా చేరింది. ఇందులో ఒక అథ్లెట్‌ను ఊళ్లో వాళ్లతో పోల్చరు, అతని పాత శాంపిళ్లతోనే పోలుస్తారు. కొత్త శాంపిల్ వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఆ మనిషికి తగిన హద్దును మళ్లీ లెక్కకడుతుంది. ఎప్పుడూ 0.1 ఉండే కుర్రాడికి ఒక్కసారిగా 0.8 వచ్చిందనుకోండి. పాత గీత ప్రకారం అది శుభ్రం. పాస్‌పోర్టులో మాత్రం ఎర్ర జెండా. పైగా చూసేది ఆ ఒక్క నిష్పత్తినే కాదు. ఆండ్రోస్టిరోన్, ఎటియోకొలనోలోన్ లాంటి టెస్టోస్టిరాన్ విరిగి వచ్చే పదార్థాలనూ లెక్కలోకి తీసుకుంటారు. 2023 నుంచి రక్తంలోని టెస్టోస్టిరాన్‌ను కూడా పాస్‌పోర్టులో చేర్చారు. జీన్ లేనివాళ్ల విషయంలో మూత్రం దాచినది రక్తం చెబుతుంది.

అనుమానం వస్తే ఆ శాంపిల్ ఐసోటోప్ పరీక్షకు, అంటే అందులోని కార్బన్ రకాలను కొలిచే పరీక్షకు వెళ్తుంది. ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం, క్లాసులో తప్పకుండా చెబుతాను. మందుల కంపెనీలు టెస్టోస్టిరాన్‌ను సోయా లాంటి మొక్కల స్టెరాల్స్ నుంచి తయారు చేస్తాయి. ఆ మొక్కల్లో కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్ రకం కొంచెం తక్కువ. ఆ కార్బన్ గుర్తు సూదిమందులోకీ వస్తుంది, అక్కడి నుంచి మూత్రంలోకీ వస్తుంది. ఒంట్లో ఏ జీన్ ఉన్నా లేకపోయినా ఆ గుర్తు మారదు.

ఇంకో మాట. ఆ జీన్ అడ్డుపడేది ఒంట్లో సహజంగా ఉండే టెస్టోస్టిరాన్ విషయంలోనే. జిమ్‌ల చుట్టూ పిల్లలకు అంటగట్టే స్టానజొలోల్, నాండ్రలోన్ సూది, మెథాన్‌డైనోన్ మాత్రలకు నిష్పత్తితో పనే లేదు. ప్రయోగశాలలో తయారైన ఆ మందుల జాడ మూత్రంలో కనిపిస్తే చాలు, పాజిటివే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ దొరికింది స్టానజొలోల్‌తోనే. నాండ్రలోన్ సూది జాడలైతే నెలల తరబడి వస్తూనే ఉంటాయి. శాంపిళ్లను పదేళ్ల వరకూ దాచి మళ్లీ పరీక్షించే వీలు కూడా ఉంది. బీజింగ్ 2008, లండన్ 2012 ఒలింపిక్స్ శాంపిళ్లను తర్వాత కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తే చాలామంది పతకాలు పోయాయి.

ములుగు రోడ్డు జావెలిన్:
మేడమ్ చెప్పినదానికి ఒక పక్కమాట. పాస్‌పోర్టు దొంగల్ని పట్టుకోవడానికే కాదు, నిజాయితీగా ఆడేవాళ్లను కాపాడడానికి కూడా. పుట్టుకతోనే నిష్పత్తి 4 పైన ఉండేవాళ్లూ ఉంటారు. పాత పద్ధతిలో వాళ్లు ఏ తప్పూ చేయకుండానే అనుమానంలో పడేవాళ్లు. ఇప్పుడు వాళ్ల పాత శాంపిళ్లే సాక్ష్యం చెబుతాయి. ఒకే గీతతో కొందరు తప్పించుకోవడం, ఇంకొందరు ఇరుక్కోవడం, రెండూ అన్యాయమే. రెండోది తలుచుకుంటే నాకు ఎక్కువ బాధ.

వేరేవాళ్ల మూత్రం ఇచ్చినా ఇందులో బయటపడుతుంది. జీన్ రాత్రికి రాత్రి మారదు కదా, నిష్పత్తుల తీరు మొత్తం మారిపోతే ఇది ఈ మనిషిది కాదని అర్థమైపోతుంది.

నేను శాంపిల్ ఇచ్చిన అనుభవంతో పిల్లలకు ఒకటి చెబుతా. 90 మిల్లీలీటర్లు కావాలి, ఒక అధికారి ఎదురుగానే నిలబడతాడు. ఎండలో పోటీ చేసి వచ్చాక అది అంత తేలిక కాదు, కంగారు పడొద్దు. మన శాంపిల్‌ను మన ముందే ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ఏ పాజిటివ్ వస్తే బీ సీసా తెరిపించమని అడిగే హక్కు మనది. ఫారంలో వాడిన మందులన్నీ రాయాలి. ఆయుర్వేదం గోలీలు, ప్రోటీన్ డబ్బా పేరు కూడా. ఫారం కాపీ ఇస్తారు, పారేయొద్దు.

నర్సంపేట పీఈటీ:
మేడమ్, తమ్ముడూ, చాలా చాలా థ్యాంక్స్. రెండు డౌట్లు. సోయా నుంచి తయారు చేస్తారన్నారు. మా పిల్లల హాస్టల్‌లో మీల్ మేకర్ కూర తరచూ పెడతారు. దానివల్ల ఐసోటోప్ టెస్టులో ఇబ్బంది ఉంటుందా? ఇంకోటి, ఆడపిల్లలకూ ఈ నిష్పత్తే చూస్తారా?

హన్మకొండ బయోకెమిస్ట్రీ:
మీల్ మేకర్ నిశ్చింతగా తిననివ్వండి. తిండిలోని కార్బన్ ఒంట్లోని స్టిరాయిడ్లన్నింటిలోనూ ఒకేలా కలుస్తుంది. జొన్న, మక్క, చెరకులో కార్బన్-13 కొంచెం ఎక్కువ. వరి, గోధుమ, సోయాలో తక్కువ. ఎవరు ఏం తిన్నా ల్యాబ్ వాళ్లు టెస్టోస్టిరాన్ నుంచి వచ్చిన పదార్థాలను అదే శాంపిల్‌లోని ప్రెగ్నేన్‌డయోల్ లాంటి ఇంకో స్టిరాయిడ్‌తో పోల్చి చూస్తారు. సూదితో వచ్చిన టెస్టోస్టిరాన్ ప్రెగ్నేన్‌డయోల్‌గా మారదు. అందుకే తిండి వల్లయితే రెండూ కలిసే మారతాయి, సూది వల్లయితే ఒక్కటే మారుతుంది. ఆ తేడానే పట్టుకుంటారు.

ఆడపిల్లలకూ ఇదే నిష్పత్తి, కానీ చిక్కు ఎక్కువ. వాళ్లలో ఎపిటెస్టోస్టిరాన్ తక్కువ కాబట్టి కొంచెం తేడాకే నిష్పత్తి ఊగిపోతుంది. గర్భనిరోధక మాత్రలు వాడితే ఎపిటెస్టోస్టిరాన్ ఇంకా తగ్గి నిష్పత్తి పెరగొచ్చు. అమెరికా రన్నర్ మేరీ డెక్కర్ స్లేనీకి 1996లో 6 దాటి వచ్చినప్పుడు ఆమె తరఫువాళ్లు వాదించింది ఇదే, ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. నెలసరి సమస్యలకు డాక్టర్లు ఈ మాత్రలు రాస్తుంటారు. అవి నిషేధం కాదు, కాకపోతే మీ అమ్మాయిలు ఫారంలో తప్పకుండా రాయాలి. మగ కోచ్‌కి చెప్పడానికి సిగ్గుపడతారు, మీ బడిలో మేడమ్ ఎవరితోనైనా చెప్పించండి.

షాట్‌పుట్ అబ్బాయిని ఒక ఆదివారం మా కాలేజీకి తీసుకురండి, బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. వాడికి ఇంకోటి కూడా చెప్పాలి. ఆ వయసులో బయటి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే వృషణాలు సొంతంగా తయారు చేయడం ఆపేస్తాయి. ఎముకల చివర్లు ఇంకా మూసుకోకపోతే ఎత్తు కూడా అక్కడే ఆగిపోతుంది. ల్యాబ్ పట్టుకున్నా పట్టుకోకపోయినా ఇది జరుగుతుంది.

నర్సంపేట పీఈటీ:
వచ్చే ఆదివారమే తీసుకొస్తా మేడమ్, వాళ్ల నాన్నను కూడా. ఇక ఆ అమ్మేవాడిని ఏం చేయాలి?

ములుగు రోడ్డు జావెలిన్:
సార్, టెస్టోస్టిరాన్, స్టిరాయిడ్ సూదులు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అబ్బాయి పేరు అందులో రాయొద్దు. కావాలంటే నేను కూడా వచ్చి సంతకం పెడతా.