గల్లాలో దొరికే పాత నాణేల్లో ఏది అరుదు, ఏది మామూలు?

కిరాణా_కొట్టు:
మాది కిరాణా కొట్టు. రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు వింత బొమ్మలున్న నాణేలను పక్కకు తీసిపెడుతుంటాను. వాటిలో వైష్ణోదేవి బొమ్మ ఉన్న పది రూపాయల నాణెం ఒకటి ఉంది. దానికి పది లక్షలు ఇస్తారని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. నిజమేనా? అసలు చిల్లరలో ఏది దాచుకోవాలి, ఏది మళ్లీ గల్లాలో వేసేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

పాత_పావలా:
నిజం కాదండి. వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవం సందర్భంగా 2012లో వేసిన నాణెం అది. ఐదు రూపాయల్లోనూ ఉంది, పది రూపాయల్లోనూ ఉంది. మామూలు చెలామణికి వదిలారు కాబట్టే మీ గల్లా దాకా వచ్చింది. చేతులు మారి అరిగినదానికి పది రూపాయలే వస్తాయి. దయచేసి ఆ వీడియోలోని నంబరుకు ఫోన్ చేయకండి. ముందు రిజిస్ట్రేషన్ రుసుము అంటారు, ఆ తర్వాత పన్ను అంటారు, ఆపైన రిజర్వు బ్యాంకు పేరుతో ఒక కాగితం పంపి కమీషన్ అడుగుతారు. ఇలాంటి వ్యవహారాలతో తమకు ఏ సంబంధమూ లేదని, తాము ఎవరి నుంచీ రుసుము వసూలు చేయబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గానీ, మీరు ముందుగా అతనికి ఇవ్వడమేమిటి?

చర్లపల్లి_చుక్క:
ముందు సంవత్సరం కింద చూడటం అలవాటు చేసుకోండి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది. గుండ్రటి చుక్క నోయిడాది, డైమండ్ ఆకారం ముంబయిది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. నక్షత్రం ఉన్న నాణెం అరుదైనదని చాలామంది దాచుకుంటున్నారు. సైఫాబాద్‌లోనూ, 1997 తర్వాత చర్లపల్లిలోనూ తయారైన నాణేలు మన చేతుల్లో తిరగడంలో వింతేమీ లేదు. ఒకే ఏడాదిలో ఒక టంకశాల కోట్లలో వేసి, మరొకటి తక్కువగా వేస్తే రెండోదానికి గిరాకీ ఉంటుంది. అందుకని సంవత్సరాన్నీ గుర్తునూ కలిపి చూడాలి. ఒక్క గుర్తును బట్టి ఏమీ తేలదు.

కిరాణా_కొట్టు:
చాలా సంతోషమండి. నా దగ్గర 1985 రూపాయి ఒకటి ఉంది. సంవత్సరం కింద ఇంగ్లిషు అక్షరం 'హెచ్' ఉంది. హైదరాబాద్ అనుకోవాలా?

చర్లపల్లి_చుక్క:
కాదండి, అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల గుర్తు. అప్పట్లో మన టంకశాలల ఉత్పత్తి చాలక కొన్ని నాణేలను విదేశాల్లో వేయించారు. చరిత్ర బాగుంది కానీ నాణెం మాత్రం మామూలుదే, విరివిగా దొరుకుతుంది. ఇందిరా గాంధీ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం కూడా అంతే. దాని మీద 1917-1984 అని చూసి 1917 నాటి నాణెం అనుకునేవారు ఉన్నారు. అవి ఆవిడ జనన మరణ సంవత్సరాలు.

అచ్చుతప్పు_అన్వేషి:
నాకు సంవత్సరాల కంటే అచ్చులో తప్పులంటే ఇష్టం. గల్లాలో నిజంగా ఏదైనా దొరికే అవకాశం ఉన్నది అక్కడే. నాలుగు సింహాలు నిటారుగా ఉండేలా నాణేన్ని పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. వెనుక అంకె కూడా నిటారుగా రావాలి. కొద్దిగా వాలితే అది మామూలే. అడ్డంగా గానీ తలకిందులుగా గానీ వస్తే పక్కన పెట్టండి, సేకరించేవారు దానికి ఎక్కువే ఇస్తారు.

అంచు తెగిన నాణేలతో మాత్రం జాగ్రత్త. టంకశాలలో రేకు నుంచి బిళ్ల కోసేటప్పుడే అంచు తెగితే, అచ్చు పడేటప్పుడు లోహం ఆ ఖాళీలోకి జరుగుతుంది. అందువల్ల తెగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు కూడా పలచబడి, మసకగా కనిపిస్తుంది. ఎదుటి గట్టు పదునుగా ఉండి, తెగిన చోట ఆకురాయి గీతలు కనిపిస్తే ఎవరో ఇంట్లో అరగదీసినదే. రైలు పట్టాల మీద పెట్టి చదును చేసినవి, యాసిడ్‌లో వేసి పలచన చేసినవి, నడిమి బిళ్ల ఊడగొట్టిన పది రూపాయలవి 'అచ్చుతప్పు' పేరుతో అమ్ముతున్నారు. టంకశాల దాటాక పడిన దెబ్బకు విలువ ఉండదు.

వెండి_రూపాయి:
కిరాణా కొట్టు వారికి వెండి రూపాయలు తగలకపోవచ్చు గానీ ఇళ్లలో పెద్దవాళ్ల మూటల్లో ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. జార్జి రాజుల కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. 1939 దాకా దానిలో వెండి దాదాపు 92 శాతం, 1940 నుంచి సగమే. 1947లో వెనుక పులి బొమ్మతో వచ్చినది పూర్తిగా నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకుందని నకిలీ అనుకుని పారేయకండి, అలాగని అరుదు అనీ అనుకోకండి. 1939 నాటి వెండి రూపాయి మాత్రం నిజంగా అరుదు. అందుకే దానికి నకిలీలు ఎక్కువ. తూకం వేయకుండా, తెలిసినవారికి చూపించకుండా కొనవద్దు.

మరో ముఖ్య విషయం. చింతపండు, బూడిద పెట్టి తోమకండి! వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన నల్లటి పొర చూసే సేకర్తలు ధర పెడతారు. తళతళలాడేలా తోమితే సన్నని గీతలు పడి ధర పడిపోతుంది.

గోదావరి_గట్టు:
రాముడు, లక్ష్మణుడు, సీత బొమ్మలతో 1818 అని ఉండే ఈస్టిండియా కంపెనీ అర్ధణా గురించి ఎవరైనా చెబుతారేమోనని చూశాను. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. అవి తర్వాతి కాలంలో అమ్మకానికి చేసిన బిళ్లలు. మా బంధువు ఒకరికి సరిగ్గా ఇలాంటి రాగి బిళ్లనే బియ్యాన్ని లాగుతుందని చూపించారు. రైస్ పుల్లింగ్ అంటారే, అదే. బియ్యపు గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, కింద అయస్కాంతం దాచితే చాలు, గింజలు కదులుతాయి. పరీక్షల ఖర్చులని విడతలవారీగా లాగారు. ఆయన పొలం తాకట్టు ఇంకా విడిపించుకోలేదు. చదివేవారిలో ఒక్కరైనా ఆగుతారని రాస్తున్నాను.

పాత_పావలా:
గోదావరి గట్టు గారూ, మీ బంధువును పోలీసులకు ఫిర్యాదు చేయమనండి, సిగ్గుపడి ఊరుకోవద్దని చెప్పండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపినదేదైనా ఉంటే 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కిరాణా_కొట్టు:
అందరికీ ధన్యవాదాలు. పక్కన పెట్టినవన్నీ ముందేసుకుని పక్కకు తిప్పి చూశాను. ఒక రెండు రూపాయల నాణెం వెనుక అంకె పూర్తిగా అడ్డంగా వస్తోంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంది. ఇంకో సందేహం. మా ఊళ్లో పువ్వు రేకుల్లాంటి గీతలు పదిహేను ఉన్న పది రూపాయల నాణెం చెల్లదని, పది రేకులదే అసలుదని ఎవరూ తీసుకోవడం లేదు. నేనేం చేయాలి?

అచ్చుతప్పు_అన్వేషి:
ఆ రెండు రూపాయలది మెత్తటి గుడ్డలో చుట్టి దాచండి, తుడవకండి. రెండు వైపులా ఫోటోలు పెట్టండి. ధర ఇప్పుడే చెప్పలేను, అరుగుదల చూడాలి.

పాత_పావలా:
పదిహేను రేకులదీ చెల్లుతుంది, పది రేకులదీ చెల్లుతుంది. రూపాయి గుర్తు 2011 నుంచి వచ్చిన నాణేల మీదే ఉంటుంది కాబట్టి పదిహేను రేకులదాని మీద ఆ గుర్తు లేకపోయినా ఫరవాలేదు. పది రూపాయల నాణేల్లో అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. అర్ధరూపాయి కూడా ఇప్పటికీ చెల్లుతుంది. పావలా, అంతకంటే చిన్నవి మాత్రం 2011 జూన్ 30 నుంచి చెల్లవు. రిజర్వు బ్యాంకు ప్రకటనను ముద్రించి కౌంటరు మీద అంటించండి, బేరగాళ్లతో వాదన తగ్గుతుంది.