గిఫ్ట్ హార్స్ సామెతలో నోరు ఎందుకు వచ్చింది?

గుణుపురం ట్యూషన్ టీచర్
తొమ్మిదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. వాళ్ళకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు సామెత వస్తే రెండు భాషల్లోనూ విడమరచాలి. నిన్న ‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్’ వచ్చింది, మాటకి మాట చెబితే కానుకగా వచ్చిన గుర్రం నోట్లోకి చూడొద్దని. ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టకూడదని అర్థం చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, "నోట్లోకే ఎందుకు సార్? కాళ్ళు చూడొచ్చా?" అన్నాడు. మంచి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం స్టూడెంట్
ట్రాయ్ చెక్కగుర్రం కథ అనుకుంటా సార్. కానుకగా వదిలిన గుర్రం కడుపులో గ్రీకు సైనికులు దాక్కున్నారు కదా.

పర్లాకిమిడి, పశువుల ఆస్పత్రి (రిటైర్డ్)
కాదు బాబూ, అది దీనికి పూర్తిగా ఎదురు. కానుకలు తెచ్చినా గ్రీకులంటే భయమే అన్నది రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఆ గుర్రాన్ని చూసి అన్న మాట. అక్కడ లోపల చూడకపోవడమే కొంప ముంచింది. ఇక్కడ చూడొద్దంటున్నారు.

మాస్టారూ, ఇది పశువుల బేరంలోంచి వచ్చిన మాట. ముప్పై ఏళ్ళు పశువుల నోళ్ళు తెరిచి చూసిన చేతులు నావి. గుర్రం వయసు పళ్ళే చెబుతాయి. రెండున్నరేళ్ళ ప్రాంతంలో ముందు పాలపళ్ళలో మధ్య జత ఊడి కొత్తవి వస్తాయి, మూడున్నరకి పక్క జత, నాలుగున్నరకి చివరి జత. ఐదేళ్ళకి నోరు నిండుతుంది. అక్కడి నుంచి పళ్ళ మీది గుంటలు అరుగుతూ పోతాయి, పళ్ళు ముందుకి వాలి పొడుగ్గా కనిపిస్తాయి. వయసు మళ్ళినవాళ్ళని ఇంగ్లీషులో ‘లాంగ్ ఇన్ ది టూత్’ అనడం అందుకే. కాళ్ళు చూస్తే కుంటిదో కాదో తెలుస్తుంది. ఇంకా ఎన్నేళ్ళు పనికొస్తుందో నోరే చెబుతుంది, ధర తేలేది అక్కడే. కొనేవాడు చూసి తీరాలి. కానుక పుచ్చుకున్నవాడు చూస్తే, ఇచ్చినవాడి ముందే వెల కట్టినట్టు.

మాట చాలా పాతది. నాలుగో శతాబ్దం చివర్లో సెయింట్ జెరోమ్ లాటిన్‌లో రాస్తూ, జనం అనుకునే సామెత అంటూ దీన్ని ఉదహరించాడు. ఇంగ్లీషులో జాన్ హేవుడ్ 1546 నాటి సామెతల పుస్తకంలో ఉంది. హిందీవాళ్ళు ఇదే మాట దానమిచ్చిన పెయ్య పళ్ళు చూడరు అంటారు.

మా పెద్దత్త పెళ్ళి పాతపట్నం పక్క పల్లెలో జరిగింది. పసుపుకుంకుమ కింద మా తాత ఎర్రావుని ఇచ్చాడు. పెళ్ళికొడుకు వైపు పెద్దాయన ఒకరు పందిట్లోనే దాని పెదవి ఎత్తి చూశారు. ఆరు పళ్ళ ఆవు, మంచి వయసు. అయినా తాత ఆ పూట భోజనానికి కూర్చోలేదు. పిల్లలకి ఈ సామెత చెప్పాల్సి వస్తే నేను ఆ పందిరి గురించే చెబుతాను.

గుణుపురం ట్యూషన్ టీచర్
ధన్యవాదాలండీ. మా వీధిలో గుర్రం లేదు గానీ పెరట్లో ఆవు ఉంది. రేపు దాని పళ్ళు చూపిస్తే సరిపోతుందా?

పర్లాకిమిడి, పశువుల ఆస్పత్రి (రిటైర్డ్)
చక్కగా చూపించండి. ఆవుకి పైన ముందు పళ్ళు అసలు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. ఊడిపోయాయని పిల్లలు కంగారు పడతారు, ముందే చెప్పండి. కింద ఎనిమిది ఉంటాయి. సంతలో రెండు పళ్ళ గిత్త, నాలుగు పళ్ళ గిత్త అనేది, పాలపళ్ళు పోయి వచ్చిన ఆ కింది పళ్ళ లెక్కే. ఒకళ్ళు తాడు పట్టుకోవాలి. ఈనిన ఆవైతే దూడని దాని కళ్ళెదుటే ఉంచండి.