అప్‌డేట్: అమ్మతో అలప్పుళ హౌస్‌బోట్ ప్రయాణం పూర్తయింది

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారిని కేరళలోని అలప్పుళ హౌస్‌బోట్‌కు తీసుకువెళ్లవచ్చా, ఒక రాత్రి సరిపోతుందా అని కిందటి నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చెన్నై సెంట్రల్‌లో రాత్రి రైలెక్కి మర్నాడు చేరుకున్నాం.

జాలర్లు వలలు వేసే వేళ కనుక పడవలను సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డున కట్టేస్తారు. మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కి మర్నాడు ఉదయం తొమ్మిదికి దిగిపోయే ఒక్క రాత్రి ప్రయాణంలో నీటిమీద తిరిగేది కొద్ది గంటలే కాబట్టి, మీ మాట విని రెండు రాత్రులు తీసుకోవడం ఎంతో మంచిదైంది. ఎక్కేటప్పుడు పలక ఊగుతుంటే పడవ నడిపే అబ్బాయి ఒక స్టూలు వేసి, అమ్మ మోచేయి పట్టుకుని నెమ్మదిగా లోపలికి దింపాడు. అలప్పుళ పక్కనున్న కుట్టనాడు ప్రాంతంలో వరిచేలు కాలువ నీటికంటే పల్లంలో ఉండడం చూసి, కోనసీమలో పుట్టి పెరిగిన అమ్మ, “గట్టు తెగితే వీళ్ల గతేమిట్రా?” అని చాలాసేపు ఆ గట్టువైపే చూస్తూ కూర్చుంది.

ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకేనని మాకు పడవెక్కాకే తెలిసింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ విషయం బుకింగ్ సమయంలోనే అడిగి రాయించుకోండి.