మైల్స్ టికెట్ ఫ్రీ అన్నారు, మరి ఈ 650 డాలర్లు ఏంటి?

ప్రశ్న (డాలస్, కొత్తగా వచ్చినవాణ్ణి)

అందరికీ నమస్తే. డాలస్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. క్రెడిట్ కార్డ్ బోనస్‌లతో పాయింట్లు బాగానే పోగయ్యాయి. సంక్రాంతికి నేను, మా ఆవిడ, ఏడాది బాబు హైదరాబాద్ వెళ్దామని చూస్తున్నాం. ఆఫీసులో అందరూ "మైల్స్ ఉంటే టికెట్ ఫ్రీ కదా" అన్నారు. తీరా బుక్ చేయబోతే యూరప్ మీదుగా వెళ్ళే ఒక ఎయిర్‌లైన్ సైట్‌లో మైల్స్ పోగా మనిషికి ఇంకో 650 డాలర్లు "ట్యాక్సులు, ఫీజులు, ఛార్జీలు" అని చూపిస్తోంది. అమెరికాలో ట్యాక్సులు నిజంగా అంత ఉంటాయా? పాయింట్లు ఇంకా కార్డులోనే ఉన్నాయి, ఎయిర్‌లైన్‌కి పంపి మైల్స్‌గా మార్చుకోలేదు. ఏం చేయమంటారు?

జవాబు (ప్లేనో నుంచి)

తమ్ముడూ, పాయింట్లు ఇంకా పంపలేదన్నావు చూడు, అది చాలు. అలాగే ఉంచు. ఒక్కసారి కార్డు నుంచి ఎయిర్‌లైన్‌కి పంపావంటే మళ్ళీ వెనక్కి రావు, ఎంత బతిమాలినా. సీటు కళ్ళతో చూసి, మొత్తం రేటు చివరి స్క్రీన్ దాకా వెళ్ళి చూసి, అప్పుడు పంపాలి.

ఆ 650 ట్యాక్స్ కాదు. అందులో ట్యాక్స్ కొంచెమే. అమెరికా నుంచి బయల్దేరే మైల్స్ టికెట్ మీద ఇక్కడి సెక్యూరిటీ ఫీజు 5.60 డాలర్లు. దారిలో దిగి మారే ఎయిర్‌పోర్టు వాళ్ళది కొంత, తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్ ఎయిర్‌పోర్టు వాళ్ళ యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ఇక్కడ దిగాక కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఫీజులు, ఇవన్నీ కలిపినా రానూపోనూ మామూలుగా వంద డాలర్ల చుట్టుపక్కలే తిరుగుతుంది, దారిని బట్టి కాస్త అటూఇటూ. మిగతాదంతా ఎయిర్‌లైన్ తన జేబులో వేసుకునే సర్‌ఛార్జి. కాకపోతే ట్యాక్సుల పక్కన, అదే హెడ్డింగ్ కింద కూర్చోబెడతారు కాబట్టి ప్రభుత్వం తీసుకుంటోందేమో అనుకుని మనం నోరు మూసుకుని కట్టేస్తాం.

చివరి స్క్రీన్‌లో "ప్రైస్ బ్రేక్‌డౌన్" అని చిన్న లింక్ ఉంటుంది, నొక్కు. వరసగా రెండక్షరాల కోడ్‌లు కనిపిస్తాయి. ఏవై అంటే అమెరికా సెక్యూరిటీ ఫీజు, ఐఎన్ అంటే ఇండియా ఎయిర్‌పోర్టు ఫీజు, పీ2 అంటే ఇండియా సెక్యూరిటీ ఫీజు. వైక్యూ గానీ వైఆర్ గానీ ఉండి దాని ఎదురుగా మూడంకెల మొత్తం ఉందంటే దొంగ దొరికినట్టే. కొన్ని సైట్లు కోడ్ చూపించకుండా "క్యారియర్ ఇంపోజ్డ్" అని రాస్తాయి, రెండూ ఒకటే.

అసలు సంగతి ఇదీ. విమానం ఎవరిది అన్నదొక్కటే చూస్తే సరిపోదు, టికెట్ ఎవరి మైల్స్‌తో తీస్తున్నావన్నది చూడాలి. లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వెళ్ళే సీటే తీసుకో. దాన్ని లుఫ్తాన్సా సొంత మైల్స్‌తో తీస్తే సర్‌ఛార్జి వాయించేస్తారు. అదే విమానం, అదే సీటు యునైటెడ్ మైల్స్‌తో తీస్తే ఆ సర్‌ఛార్జి ఉండదు, అసలు ట్యాక్సులే కడతావు. ఎయిర్ కెనడా వాళ్ళ మైల్స్ ప్రోగ్రామ్ ఏరోప్లాన్ కూడా 2020 నవంబర్ నుంచి సర్‌ఛార్జి ఎత్తేసింది, కాకపోతే పార్ట్‌నర్ విమానమైతే, అంటే వాళ్ళతో ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్‌దైతే, 39 కెనడా డాలర్ల ఫీజు వేస్తుంది, అది భరించొచ్చు. దోహా మీదుగా ఖతర్ ఎయిర్‌వేస్ అయితే అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్ వాడు, ఇండియాకి ఎకానమీ ఒకవైపు 40,000, సర్‌ఛార్జి లేదు. అవే అమెరికన్ మైల్స్ బ్రిటిష్ ఎయిర్‌వేస్ మీద వాడితే మాత్రం సర్‌ఛార్జి వచ్చి పడుతుంది. ఎందుకిలా అని తర్కం వెతక్కు, ఎవరి ఒప్పందాలు వాళ్ళవి.

సీటు దొరకాలి కదా అంటావు. నిజమే, డిసెంబర్ మూడో వారంలో తెలుగువాళ్ళందరం ఒకేసారి ఊరికి బయల్దేరుతాం. ఈ మైల్స్ సీట్లు దాదాపు పదకొండు నెలల ముందే తెరుచుకుంటాయి, జనవరి మొదటి వారంలో వెళ్ళి నెలాఖరుకి రాగలిగితే కొంచెం ఊపిరి ఆడుతుంది.

జవాబు (లండన్ నుంచి)

పైన చెప్పిందంతా కరెక్టే. లండన్ మీదుగా వెళ్ళేవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు చెప్తాను. ఈ సర్‌ఛార్జిని ఒకప్పుడు "ఫ్యూయల్ సర్‌ఛార్జి" అనేవాళ్ళు. మైల్స్ టికెట్ల మీద వసూలు చేస్తున్న ఆ మొత్తానికీ చమురు ధరకీ సంబంధం లేదంటూ 2012లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ మీద కేసు వేశారు, 2018లో సెటిల్ చేసుకున్నారు. ఇప్పుడు చమురు పేరు ఎత్తరు, డబ్బు మాత్రం తీసుకుంటారు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళు తమ మైల్స్‌ని ఏవియోస్ అంటారు, వాళ్ళ సైట్‌లో వాటితో బుక్ చేస్తే ఇంకో తమాషా ఉంది. ఎక్కువ ఏవియోస్, తక్కువ డబ్బు. లేదా తక్కువ ఏవియోస్, ఎక్కువ డబ్బు, ఇలా నాలుగైదు ఆప్షన్లు చూపిస్తారు. ముందు కనిపించిందే చౌక అనుకోకు, అన్నీ లెక్కేసుకో.

దారిలో లండన్ చూద్దాం అని రెండు రోజులు ఆగే ఆలోచన ఉంటే జాగ్రత్త. 24 గంటల లోపు మారిపోతే బ్రిటన్ ప్రభుత్వ ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ పడదు. అంతకు మించి ఆగితే అక్కడి నుంచి బయల్దేరినట్టే లెక్క. ఇండియాకైనా అమెరికాకైనా ఎకానమీలో మనిషికి 2025 ఏప్రిల్ నుంచి 90 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 102. ప్రీమియం ఎకానమీ, బిజినెస్ అయితే రెట్టింపుకు పైనే. ఎకానమీలో పదహారేళ్ళ లోపు పిల్లలకి లేదు. ఇది నిజమైన ట్యాక్సే, ఎవరి మైల్స్ వాడినా తప్పదు.

ప్రశ్న (డాలస్)

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. బ్రేక్‌డౌన్ తెరిచి చూశాను, వైక్యూ ఉంది, పెద్ద అంకె అదే. మరి బాబు ఒళ్ళో కూర్చుంటాడు కదా, వాడికి ఫ్రీయేనా? ఇంకోటి, మా ఆవిడ పేరు మీద కొన్ని, నా పేరు మీద కొన్ని మైల్స్ ఉన్నాయి. కలపడానికి సైట్ డబ్బులడుగుతోంది. వాట్సాప్‌లో ఒకాయన తన మైల్స్‌తో సగం రేటుకి టికెట్ తీసిస్తానంటున్నాడు.

జవాబు (ప్లేనో నుంచి)

వాట్సాప్ ఆయన జోలికి పోవద్దు. మైల్స్ అమ్మడం ఎయిర్‌లైన్ల రూల్స్‌కి విరుద్ధం. పసిగడితే టికెట్ క్యాన్సిల్ చేస్తారు, అదీ ఎప్పుడో తెలీదు. శంషాబాద్‌లో తిరుగు ప్రయాణం రోజు, సంకలో పిల్లాడు, ముందు మూడు సూట్‌కేసులు, కౌంటర్‌లో అమ్మాయి "సార్, ఈ టికెట్ లేదు" అంటే ఎవరికి ఫోన్ చేస్తావు?

బాబు సంగతి ఒక్కో ప్రోగ్రామ్‌లో ఒక్కోలా ఉంటుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఏరోప్లాన్‌లో ఒళ్ళో పాపాయికి 25 కెనడా డాలర్లు లేదా 2,500 పాయింట్లు. యునైటెడ్‌లో ఇంటర్నేషనల్ అయితే పెద్దవాళ్ళ టికెట్ నగదు ధరలో పది శాతం, పైన ట్యాక్సులు. ఎకానమీలో పర్లేదు, కానీ మైల్స్ ఉన్నాయి కదా అని బిజినెస్ తీశావనుకో, ఆ టికెట్ ధర 6,000 డాలర్లుంటే పిల్లాడికి 600 కట్టాలి. వాడికి ఊళ్ళో ఉండగా రెండేళ్ళు నిండితే తిరుగు ప్రయాణానికి సీటే కొనాలి, అది కూడా చూసుకో.

మైల్స్ ఒకరి నుంచి ఇంకొకరికి పంపడానికి డబ్బు కట్టొద్దు. ఏరోప్లాన్, యునైటెడ్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, వీటిల్లో కుటుంబమంతా కలిపి వాడుకునే సదుపాయం ఊరికే ఉంది. అది లేని చోట నీ మైల్స్‌తో నీ టికెట్, ఆవిడ మైల్స్‌తో ఆవిడ టికెట్ తియ్యి, వేరువేరు బుకింగ్‌లైనా ఫర్వాలేదు. ఇంకా తక్కువ పడితే సైట్‌లో మైల్స్ కొనమంటారు, ఆ రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు పాయింట్లయితే డెల్టా, జెట్‌బ్లూ లాంటి అమెరికా ఎయిర్‌లైన్లకి పంపేటప్పుడు పాయింట్‌కి 0.06 సెంట్ల ఫీజు ఉంటుంది, లక్షకి 60 డాలర్లు, గరిష్ఠం 99. బయటి దేశాల ఎయిర్‌లైన్లకి ఆ ఫీజు లేదు. ఛేజ్ బ్యాంకు వాళ్ళు ఎవరికి పంపినా ఏమీ తీసుకోరు. మైల్స్ టికెట్ డబ్బులు కట్టే కార్డుకి ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు లేకుండా చూసుకో, కొన్ని సైట్లు వేరే కరెన్సీలో కోస్తాయి.

ఇక నువ్వు చూసిన టికెట్ లెక్క. మామూలు టికెట్ 1,100 ఉందనుకుందాం, వాళ్ళు 80,000 మైల్స్, పైన 650 అడుగుతున్నారనుకుందాం. 80,000 ఇచ్చి నువ్వు మిగుల్చుకుంది 450 డాలర్లు. ఛేజ్ పాయింట్లయితే అవే 80,000 బ్యాంకులో నగదుగా మార్చుకున్నా 800 వస్తాయి. పైగా డబ్బు పెట్టి కొన్న టికెట్ మీద కొత్త మైల్స్ పడతాయి, మైల్స్ టికెట్ మీద పడవు. అలాంటప్పుడు డబ్బు పెట్టి కొనుక్కో, పాయింట్లు దాచుకో. సర్‌ఛార్జి లేని సీటు రెండు దొరికితేనే మైల్స్ తియ్యి.

ముందు యునైటెడ్ సైట్‌లో, తర్వాత ఏరోప్లాన్‌లో, తర్వాత అమెరికన్‌లో, డీఎఫ్‌డబ్ల్యూ (మన డాలస్ ఎయిర్‌పోర్టు) నుంచి హైదరాబాద్‌కి జనవరి 3 నుంచి 10 దాకా ఒక్కో తేదీ వెతికి చూడు. క్యాన్సిల్ చేస్తే మైల్స్ వెనక్కి వేయడానికి ఎంత తీసుకుంటారో కూడా బుక్ చేసే ముందే చదువు. నీ పాయింట్లు ఛేజ్‌వా అమెక్స్‌వా, అది చెప్పలేదు.