నయీంనగర్‌లో దొరికిన కుక్కపిల్ల, రక్త విరేచనాలు: ఇంట్లో ఇంకో కుక్క ఉన్నది, ఏం జెయ్యాలె?

కాజీపేట_కట్ట:
అన్నలు, అక్కలు, జర జల్ది చెప్పండి. నాలా పక్కన దొరికిన ఆడ కుక్కపిల్ల. పాలపళ్లన్నీ వచ్చినయి, తూకం 2 కిలోలు. నిన్నటి నుంచి కక్కుతున్నది. పొద్దుగాల రెండుసార్లు ఎర్రగా, పాడు వాసనతో విరేచనం అయింది. నీళ్లు ముట్టట్లేదు. ఇంట్లో టీకాలన్నీ వేసిన నాలుగేండ్ల కుక్క ఉన్నది. సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోదామనుకుంటున్నం. అప్పటిదాకా ఏం బెట్టాలె? బతికితే మంచి ఇల్లు చూసి దత్తతకు ఇయ్యాలని ఉన్నది. ఎన్ని రోజులకు ఇయ్యచ్చు?

భద్రకాళి_చెరువు:
సాయంత్రం దాకా ఆగద్దు అన్నా, ఇప్పుడే తీసుకపోండి. ఈ వయసు పిల్లకు కక్కుడు, రక్త విరేచనం కలిసి వచ్చినయంటే మొదటి అనుమానం పార్వో, అంటే కుక్కల పేగులను పాడుచేసే వైరస్ రోగం.

బయలుదేరే ముందు ఒళ్లు పట్టి చూడండి. థర్మామీటర్ కొసకు కొంచెం కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెడితే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉండాలె. 99 కన్నా తక్కువుంటే నోట్లె ఏమీ పొయ్యద్దు. చల్లబడ్డ పిల్లకు పేగు కదలదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతది. సీసాల గోరువెచ్చని నీళ్లు పోసి, బట్ట చుట్టి, అట్టపెట్టెల ఒక పక్కన మాత్రమే పెట్టండి, వేడెక్కితే పిల్ల ఇంకో పక్కకు జరగాలె కదా. వణుకుతున్నా, తల వాల్చేసినా వేలికి తేనె అద్దుకొని చిగుళ్లకు రాయండి, చక్కెర పడిపోయి పోయే పిల్లలు చాలా ఉంటయి. స్నానం అసలే వద్దు. ఆవుపాలు వద్దు. మనం వేసుకునే పారాసిటమాల్, విరేచనాలు కట్టే గోలీలు ముట్టద్దు.

మామునూరు_దారి:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. దానికి తోడు లెక్క ఒకటి చూడండి, సిరంజితో నీళ్లు పట్టి ఎందుకు నెట్టుకు రాలేమో అర్థమవుతుంది.

మెడ వెనక చర్మం పట్టి లేపి వదలండి. మెల్లగా కిందికి దిగుతూ, చిగుళ్లు జిగురుగా తగిలితే ఒంటి బరువులో ఎనిమిది శాతం దాకా నీరు పోయిందనుకోవచ్చు. 2 కిలోల పిల్లకు అది 160 మి.లీ. లోటు. దానికి రోజువారీ అవసరం, పిల్లలకు కిలోకి దాదాపు 100 మి.లీ. చొప్పున, 200 కలపండి. ఇంకా కక్కినదీ పోయినదీ వేరే. కక్కే పిల్లకు ఇంత నోటి ద్వారా ఎక్కదు. నరంలోకి రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి లవణాల ద్రవం) పెట్టాలి, సీసాను ఒంటి వేడికి తెచ్చాకే. నరం దొరక్క చర్మం కింద ఎక్కిస్తామంటే రింగర్ లాక్టేట్ పర్వాలేదు కానీ, 5 శాతం డెక్స్‌ట్రోజ్ (చక్కెర సెలైన్) మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.

పరీక్షకు పుల్లతో మలం తీసి చూసే కిట్ చాలు, పార్వో ఉంటే పది నిమిషాల్లో గీత కనిపిస్తుంది. కానీ మొదటి రోజు గీత రాలేదని ఊరుకోవద్దు, తప్పుడు నెగెటివ్‌లు మామూలే. మలాన్ని మైక్రోస్కోప్ కింద కూడా చూపించండి. పేగులో ఉండే కొంకిపురుగులు (హుక్‌వర్మ్) రక్తం తాగినా విరేచనం నల్లగానో ఎర్రగానో అవుతుంది, చిగుళ్లు తెల్లబడతాయి. వైద్యం వేరు కాబట్టి ఈ తేడా ముఖ్యం. నట్టల మందు కక్కడం ఆగాకే.

సుబేదారి_సందు:
మీ చేతికి గీత పడి, ఆ పిల్ల లాలాజలం తగిలి ఉంటే దాన్ని పక్కన పెట్టకండి. సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఇయ్యాలనే ఎంజీఎం దవాఖానల చూపించుకోండి. చిన్న పిల్ల కదా అని రేబిస్ విషయంల సందు ఇయ్యద్దు.

మీ కుక్కకు టీకాలు సరిగ్గా ఉంటే భయం తక్కువ, అయినా వేరే గది, వేరే గిన్నెలు, వేరే చెప్పులు. ముందు మీ కుక్క పని చూసుకొని, ఆ తర్వాతే పిల్ల దగ్గరికి పోవాలె. ఫినాయిల్‌తో పార్వో చావదు, ఇదే చాలామంది చేసే పొరపాటు. ముందు సబ్బుతో మలం ఆనవాలు లేకుండ కడగండి. మలం మిగిలి ఉంటే బ్లీచ్ దాన్ని తినుట్లనే అయిపోతది. తర్వాత మెడికల్ షాపుల దొరికే 5 శాతం హైపోక్లోరైట్ (ఇదే బ్లీచ్ ద్రవం) 33 మి.లీ. లీటరు నీళ్లల్ల కలిపి, నేల పది నిమిషాలు తడిగ ఉండేటట్లు పొయ్యండి. ఆసిడ్, ఫినాయిల్ దాంట్ల కలపద్దు. మట్టిల ఈ వైరస్ నెలల తరబడి ఉంటది, కాబట్టి పెరట్లకు విడువద్దు.

కాజీపేట_కట్ట:
కిట్ల గీత వచ్చింది, పార్వోనే. సెలైన్ నడుస్తున్నది, రాత్రి నుంచి కక్కలేదు. తిండి ఎప్పటిసంది పెట్టాలె?

మామునూరు_దారి:
కక్కడం ఆగింది కాబట్టి డాక్టరుకు చెప్పి ఈ రోజే మొదలుపెట్టండి. కక్కడం, విరేచనాలు పూర్తిగా ఆగేదాకా పస్తు పెట్టడం పాత పద్ధతి, పేగు లోపలి పొరకు తిండి తగిలితేనే త్వరగా కోలుకుంటుంది. ఉప్పు, ఉల్లిగడ్డ, వెల్లుల్లి లేకుండా ఉడికించిన ఎముకలేని కోడిమాంసం, మెత్తటి అన్నంతో నలిపి, మొదటిసారి ఒక చెంచా. మూడు గంటలు నిలిస్తే రెండు చెంచాలు. కక్కితే ఆ పూట ఆపి మళ్లీ చెంచాకే రండి. రోజూ ఒకే వేళకు తూకం రాసుకోండి, మలం కన్నా ముందు తూకమే నిజం చెబుతుంది.

భద్రకాళి_చెరువు:
దత్తత సంగతి: విరేచనం గట్టిపడ్డ రోజు నుంచి ఇంకో రెండు వారాలు మీ దగ్గరే. ఆ రోజుల్ల కూడ మలంల వైరస్ పోవచ్చు, అందుకే టీకా పడని పిల్లలున్న ఇంటికి ఇయ్యద్దు. కోలుకున్న పిల్లకు పార్వో మళ్లీ రావడం అరుదైనా డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే ఇంకో వైరస్ రోగం), రేబిస్ టీకాలు వెయ్యక తప్పదు. రేబిస్‌ది మూడు నెలలు నిండినంక.

అడిగే వాళ్లను ముందు ఇవి అడగండి: అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకున్నడా, పగలు ఎవరుంటరు, ఆరు నెలలకు పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయిస్తరా. నట్టల మందు వేసిన తేదీ, బరువు, టీకా కార్డు ఒక కాగితం మీద పెట్టి చేతికియ్యండి. అదే కాగితంల మీ నంబర్ కూడ రాయండి, వద్దనుకుంటే రోడ్డు మీద విడువకుండ మీకే తెచ్చియ్యాలని నోటితో కూడ చెప్పండి.